నూనె చేతులు

ఫైబరు మీద గీత కనబడితే దొరబాబుకి అన్నం సయించదు. వయసంతా ఫిషింగ్ హార్బరు దగ్గర ఫైబరు పడవల షెడ్డులో గడిపిన మనిషి. అచ్చు మీద గోరంత గీత ఉంటే చాలు, ఆ అచ్చులోంచి వచ్చే ప్రతి పడవకీ అది దిగిపోతుంది. అందుకని ఆ షెడ్డులో పొద్దున్నే మొదటి పని అచ్చుకి మైనం పట్టించడం. గుడ్డకి ఇంత మైనం అద్దుకుని, చెయ్యి గుండ్రంగా తిప్పుతూ, అందులో మొహం కనబడేదాకా రుద్దాలి. అలా రుద్దిన అచ్చులోంచి పడవ, తొక్క ఒలిచిన అరటిపండులా ఊడి చేతికొచ్చేస్తుంది. దొరబాబు పట్టించిన మైనానికి హార్బరంతా పేరుండేది. షెడ్డే మూతపడ్డాక ఆ పేరు ఎవడిక్కావాలి?

ఇప్పుడతను వన్ టౌన్ దాటాక, పోర్టు రోడ్డు వారనున్న ఒక కాంట్రాక్టరు యార్డులో పని చేస్తున్నాడు. జెట్టీ మీద జనం నడిచే దారికి అక్కడ పలకలు పోస్తారు. సముద్రపు గాలికి కాంక్రీటులో ఇనుప ఊచ బతకదు. తుప్పెక్కి, ఉబ్బి, కాంక్రీటుని పగలేసుకుని బయటికొస్తుంది. అందుకని ఈ పలకల్లో ఇనుముకి బదులు ఫైబరు. చెక్కపెట్టెలో అడుగున ఫైబరు ప్లేటు పరిచి, దానిమీద జిగురు పూసి, జిగురు మీద సన్న చిప్స్ రాళ్లు చల్లి, అది ఆరకముందే పైనుంచి పచ్చి కాంక్రీటు పోసేస్తారు. గట్టిపడ్డాక ప్లేటూ కాంక్రీటూ ఇక విడదియ్యరాని ఒకే పలక అయిపోవాలి. ఫైబరు సంగతి తెలిసినవాడని దొరబాబుని పిలిచి మరీ పెట్టుకున్నారు.

మొదటి లోడు ప్లేట్లు దిగినప్పుడే అతని ప్రాణం ఉసూరుమంది. ఒక పక్కంతా గరుకు కాగితంతో గీకేసి ఉన్నాయి. 'బంగారంలాటి ఫైబరు! ఏ ఎదవ సేతుల్లో పడిందో' అని తిట్టుకున్నాడు. ఎవర్నయినా అడిగాడా అంటే లేదు. ఇంజనీరు నీలిమ కాలేజీలోంచి కొత్తగా వచ్చిన పిల్ల, ఎప్పుడు చూసినా కాగితాలూ ఫోనూ. సూపర్‌వైజరు జగ్గారావుని మంచినీళ్లెక్కడని అడిగినా కసురుతాడు. దొరబాబు తనే ఒక మైనం డబ్బా కొని తెచ్చుకున్నాడు. జాలరిపేటలో అతనుండే ఒంటిగదిలో తెల్లారేదాకా పడుకుని మాత్రం ఏం చేస్తాడు? భార్య పోయిన దగ్గర్నుంచి ఆ గదిలో గిన్నె చప్పుడైందంటే తను కదిల్చిందే. అందుకని అందరికంటే ముందు యార్డుకొచ్చి, ఆ రోజు వాడే ప్లేట్లకి గీతలు కనబడకుండా మైనం పట్టించి, మెత్తగుడ్డతో తుడిచి, గోడకి వరసగా నిలబెట్టేవాడు. పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేస్తున్నాడని ఎవరికీ తెలీదు. ఆ కాసేపూ మాత్రం తను ఇంకా దేనికో పనికొస్తున్నట్టుండేది.

చూసిందల్లా పోతమ్మ ఒక్కతే. చోడవరం వైపు పల్లెనుంచి పొట్టకూటికి పట్నం వచ్చిన మనిషి, యార్డులో ఇనుప గమేళాతో రాళ్లూ కాంక్రీటూ మోస్తుంది. ఆవేళ గేటు దాటి వస్తూనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏటన్నా, పెల్లికూతురికి నలుగెట్టినట్టెడతన్నావు?"

"పనంటే అలాగే సెయ్యాల మరి. నీలాగ గమేళా ఎత్తి కుమ్మరించేత్తే అయిపోద్దేటి?"

"ఓలమ్మో! కుమ్మరించేత్తన్నానా నాను? నా నడుమునడుగు, సెప్తాది."

దొరబాబుకి నవ్వొచ్చింది. యార్డులో అతన్ని చూసి నవ్వే మనిషి, అతన్ని నవ్వించే మనిషి, ఆవిడే. మిగతావాళ్లంతా కుర్రాళ్లు, సెల్‌ఫోన్లలో పాటలు పెట్టుకుని వాళ్ల లోకంలో వాళ్లుంటారు. పోతమ్మ గోడవార కూర్చుని, కొంగున కట్టుకున్న చిన్న సీసా తీసి, అరచేతుల్లో కొబ్బరినూనె పోసుకుని మోచేతులదాకా పట్టించింది. సిమెంటు చేతుల్ని తినేస్తుంది మరి. నూనె లేకపోతే వేళ్ల సందులు పగిలి రాత్రి అన్నం కలుపుకోడానికుండదు. మోతపని చేసే ఆడవాళ్లందరూ రాసుకునేదే. చిప్స్ చల్లే వేళకి మాత్రం ఆవిడ కుళాయి దగ్గరికెళ్లి, సబ్బు పెట్టి తోముకుని, చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చేది.

ఆరోజూ అలాగే వచ్చింది. దొరబాబు పళ్లున్న రేకుపట్టీతో ప్లేటు మీద జిగురు లాగుతున్నాడు. జిగురు అక్కడక్కడా చేమాకు మీద నీళ్లలా ముడుచుకుపోతోంది. అతను మళ్లీ లాగాడు. 'కొత్తరకం జిగురు, దీని సంగతింతే కాబోలు' అనుకున్నాడు. పోతమ్మ ఒంటి మోకాలి మీద వంగి, గుప్పిట్లోంచి రాళ్లు జారవిడుస్తూ పెట్టె ఈ చివర్నించి ఆ చివరిదాకా నడిచింది. పొలంలో విత్తనం చల్లిన చెయ్యి. ఎక్కడా కుప్ప పడలేదు, ఎక్కడా ఖాళీ ఉండలేదు.

"బేగి కానీయండి, బేగి! జిగురారిపోతంది!" అని జగ్గారావు అరుస్తుండగా కాంక్రీటు గమేళాలు వరసకట్టాయి.

పలకలు గట్టిపడ్డాక ఒకదాన్ని పరీక్షకి తీశారు. రెండు దిమ్మల మీద అటూ ఇటూ ఆనించి, నడిమధ్య జాకీ బిగించి పైనుంచి నొక్కడం. నీలిమ జాకీ మీటరు ముల్లు చూస్తూ ఏవో అంకెలు రాసుకుంటోంది. కూలీలంతా పనాపి చుట్టూ చేరారు. ముల్లు కొంచెం కదిలిందో లేదో, పలక అడుగున ఒక చివర చిటుక్కుమంది. ఆ వెంటనే ఫైబరు ప్లేటు ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఊడి ఇసకలో పడింది. ప్లేటు ఆసరా పోయిన కాంక్రీటు ఫెళ్లున రెండు ముక్కలైంది.

నీలిమ మొహం పాలిపోయింది. జగ్గారావు ప్లేటెత్తి తిరగేశాడు. రాయి లేదు, జిగురు లేదు. జిగురూ రాళ్లూ కాంక్రీటుతోనే ఉండిపోయాయి. ప్లేటు మీద వేలు పెట్టి రాసి, ఆ వేలు బొటనవేలికి రుద్దుకున్నాడు.

"జిడ్డు మేడమ్! ఇది నూనె జిడ్డు."

ఎండలో ప్లేటు తళతళలాడుతోంది. ఆ మెరుపు దొరబాబుకి తెలుసు. మంచి పడవ ఒకటి ఊడొచ్చాక అచ్చు అలాగే మెరుస్తుంది. ఇన్నేళ్లూ ఆ మెరుపు చూసుకునే మురిసిపోయాడు. ఊడి రావడానికి రాసే మైనం, అంటుకోవలసిన చోట రాశాడు! గీతలు ఎవరో పాడుచెయ్యడానికి గీసినవి కావు, జిగురు పట్టడానికి గీసినవి. ఇంత చిన్న సంగతి తట్టలేదు తనకి.

ఈలోగా జగ్గారావు కళ్లు గుంపంతా తిరిగి పోతమ్మ మోచేతుల దగ్గర ఆగాయి. పొద్దున్న రాసిన నూనె ఇంకా నిగనిగలాడుతోంది.

"ఏటే, ఆ సేతుల్తోనేనా రాల్లు సల్లేవు?"

"సబ్బెట్టి కడుక్కునే సల్లేను బాబూ! తల్లి తోడు!"

"కడుక్కుంటే ఇదెక్కడ్నుంచొచ్చింది? పలకలన్నీ సంకనాకించేసేవు కదే!"

"ఆవిడ కడుక్కుంది బాబూ, నాను సూసేను," అన్నాడు దొరబాబు.

జగ్గారావు వెక్కిరింతగా అతనివైపు తిరిగాడు. "మరి ఈ జిడ్డు ఆకాశం మీంచి కారిందేటి? లేపోతే నువ్వు రాసేవా?"

అడగవలసిన మాటే అడిగాడు, ఎకసెక్కానికైనా. ఒక్క 'అవును' అంటే సరిపోయేది. పోతమ్మ కూడా దొరబాబు మొహంలోకే చూస్తోంది, రెప్పెయ్యకుండా. అతని కళ్లముందు ఆ ఒంటిగది తలుపు కదిలింది. ఈ యార్డు కూడా లేకపోతే ఇక తెల్లారి ఆ తలుపు తీసుకుని ఎక్కడికెళ్లాలి? తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"మేడమ్, ఇలాటోల్లని ఎట్టుకుంటే మన కొంపలు మునుగుతాయి," అన్నాడు జగ్గారావు. నీలిమ ముక్కలైన పలక వైపు తిరిగి మళ్లీ తన అంకెలు చూసుకుంది. "ఎల్లు, నూనె సేతుల్దానా! రేపట్నుంచి గేటు కాడికి రాకు."

ఎవరో కిసుక్కుమన్నారు. పోతమ్మ బతిమాలలేదు. గమేళా గోడకి ఆనించి, కాలిజోడు వేసుకుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరక్కుండా గేటు దాటిపోయింది.

మర్నాడు ఆవిడ స్థానంలోకి, కూలీలు దొరికే అడ్డా నుంచి తాయారనే మనిషిని తెచ్చారు. దొరబాబు ఆరోజూ అందరికంటే ముందే వచ్చాడు. మైనం డబ్బా చెత్తగుట్టలో అడుక్కంటా పాతిపెట్టాడు. మైనం పట్టించి ఉంచిన ప్లేట్లని థిన్నరుతో కడిగి, గరుకు కాగితం పుచ్చుకుని, మెరుపంతా పోయేదాకా గీకాడు. గీస్తుంటే పళ్లు జివ్వుమన్నాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి. దుమ్మనుకున్నాడు గాని దుమ్ము కాదు. తను మాట్లాడకపోతేనేం, పని సరిచేస్తే పాపం కొంత తగ్గుతుందని అతని ఆశ. మధ్యాహ్నం జిగురు లాగితే ఎక్కడా ముడుచుకోకుండా సాపుగా పరుచుకుంది.

ఆ పలకల్ని కూడా గట్టిపడ్డాక పరీక్షకి పెట్టారు. జాకీ బిగిస్తూ పోయారు. ముల్లు పోయినసారి ఆగినచోటు దాటింది, ఇంకా దాటింది. పలక మూలిగింది, మధ్యలో సన్నగా నెర్రెలిచ్చింది. ప్లేటు మాత్రం ఊడలేదు. చివరికి గునపం పెట్టి పెకలిస్తే గుప్పెళ్లకొద్దీ కాంక్రీటుని కరుచుకునే వచ్చింది. నీలిమ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కుర్రాళ్లు ఈలలేశారు. దొరబాబు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు జగ్గారావు, "సూసేరా మరి!" అని తాయారుని ముందుకి లాగాడు. "అదే ప్లేటు, అదే జిగురు, అదే రాయి. సేతులు మారేయి, పని మారింది! ఆ నూనె సేతుల్ది పోయింది, మన దరిద్రం వదిలింది."

అందరూ అవునన్నారు. ఎందుకనరు? కళ్లెదుట రుజువుంది. ఆ రుజువు పోసింది తనే. తప్పు దిద్దుకున్నాననుకుని, ఆవిడ నెత్తినున్న నిందకి సీలు వేశాడు. దొరబాబు అక్కడ నిలబడలేక కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కున్నాడు. తాయారు కూడా చేతులు కడుక్కోడానికొచ్చింది.

"ఆవిడెలాగుంది, పోతమ్మ? అడ్డాలో కనబడతందా?" అనడిగాడు.

"కనబడకేటి? రోజూ వత్తంది, ఉత్తినే పోతంది. మన జగ్గారావు బాబు మేస్త్రీలందరికీ సెప్పేసేడు కదేటి. మనుసుల్ని ఎంచేకాడ 'నూనె సేతులొద్దు' అని నవ్వుతన్నారు. నాకూ ఏదోలాగుంది గాని, నానేటి సేత్తాను?"

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అన్నం వండుకున్నాడు. రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేశాడు. పక్కింట్లో ఎవరో పిల్లాణ్ణి తిడుతున్నారు, పిల్లాడు ఏడుస్తున్నాడు, అందరూ కలిసి మళ్లీ నవ్వుతున్నారు. ఆ గోడకి ఇవతల తను నిజం చెప్పినా అబద్ధం చెప్పినా వినేవాడు లేడు. యార్డు పోతుందని కదా నోరు మూసుకున్నాడు. అక్కడ మాత్రం ఇప్పుడు తనతో మాట్లాడే మనిషేది?

పొద్దున్న తన రేకుపట్టీ, కేరేజీ, పనిచొక్కా అన్నీ ఒక సంచీలో కుక్కుకుని బయల్దేరాడు. పొమ్మంటే మళ్లీ లోపలికెళ్లి వెతుక్కునే పని ఉండకూడదని. తిన్నగా నీలిమ కూర్చునే రేకుల గదిలోకి వెళ్లాడు. జగ్గారావు కూడా అక్కడే ఉన్నాడు.

"మేడమ్, ఆ జిడ్డు నూనె కాదు. మైనం. నానే రాసేను."

పడవల అచ్చులూ, మైనమూ, గీతలూ అన్నీ వరసనే చెప్పేశాడు. నీలిమ పెన్ను కిందపెట్టి విన్నది. విన్నాక టేబుల్ మీదున్న ఊడిన ప్లేటు ముక్కని చేతిలోకి తీసుకుంది.

"గరుకు చేయించింది నేనే. ఎందుకో మీకు చెప్పాలని తోచలేదు," అంది. తరవాత జగ్గారావు వైపు తిరిగింది. "ఆ పాత పలకలు ఒక్కటి కూడా బయటికి పోకూడదు. అన్నీ పగలగొట్టించండి. మీరు... మీరు పనిలోకి వెళ్లండి దొరబాబు గారూ."

"నన్ను తీసెయ్యరా మేడమ్?"

"ఫైబరు తెలిసిన మనిషి మళ్లీ నాకెక్కడ దొరుకుతాడు?"

"మరి పోతమ్మ?"

నీలిమ జగ్గారావు వైపు చూసింది. అతను మెడ గోక్కున్నాడు. "ఆ ప్లేసులోకి మనిషొచ్చేసింది కదండి. తాయారు బాగానే సేత్తంది. ఇప్పుడా తేనెతుట్టి కదపడమెందుకు?"

నీలిమ ఫోను మోగింది. తీసి, చెవికానించుకుని, కిటికీ వైపు తిరిగిపోయింది. జగ్గారావు దొరబాబుని భుజం పట్టి బయటికి నడిపించుకొచ్చి గొంతు తగ్గించాడు. "అదుట్టం బాగుండి బతికిపోయేవు. నోరు మూసుకుని పని సేసుకో. మైనం సంగతి బయట కూసేవంటే పైవోల్లు ముందు నన్నడుగుతారు. నన్నడిగిన్నాడు నువ్వుండవు, గుర్తెట్టుకో."

దొరబాబు సంచీ మళ్లీ గోడమేకుకి తగిలించాడు. తిట్టి, మెడ పట్టి గెంటి ఉంటే ఎంత బాగుండేదో! తప్పు చేసినవాడికి గారూ అని మర్యాద, చెయ్యనిదానికి వీధి. పనయ్యేదాకా ఎలా ఉన్నాడో ఉన్నాడు. అవగానే పోతమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

రైలుకట్ట వెనక సందులో గుమ్మం ముందు కూర్చుని ఆవిడ బియ్యం ఏరుతోంది. అతన్ని చూసి చాట ఆపలేదు, కూకోమని కూడా అనలేదు. దొరబాబు నిలబడే అంతా చెప్పాడు. చెప్పి, "నిజం తేలిపోయింది పోతమ్మా. మేడమ్‌కి తెలిసిపోయింది," అన్నాడు.

"నాకు ఆ దినమే తెలుసు," అంది పోతమ్మ బియ్యంలో రాయి తీసి పారేస్తూ. "నువ్వు మైనమెట్టడం నాను సూల్లేదేటి? నోటి సివరిదాకా వచ్చింది. అన్నే సెప్తాడులే, ఆడి నోటితో ఆడు సెప్తేనే బాగుంటాది అనుకున్నాను. నీ మొకమే సూసేను. సూత్తానే ఉన్నాను."

పోతమ్మ చాట ఒకసారి కుదిపింది.

"నన్ను మళ్లీ రమ్మన్నారా?"

"నేదు."

"నిన్ను ఎల్లిపొమ్మన్నారా?"

"నేదు."

"అయితే ఎవుల దగ్గర తేలిపోయింది నిజం?" అప్పుడు చాట కిందపెట్టింది. "నాలుగ్గోడల మద్దిన నీకూ ఆ మేడమ్‌కీ. నన్ను నూనె సేతుల్దానా అన్నప్పుడు అందరూ ఉన్నారు. అడ్డాలో రోజూ అందరూ ఉంటన్నారు. ఆల్లకి సెప్పేవా?"

"నేదు," అన్నాడు మూడోసారి.

"మరెందుకొచ్చేవు? నీ కడుపులో బరువు దించుకుందికా? ఎల్లన్నా. పొయ్యి ముట్టించుకోవాల."

ఆవిడ చాట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. తలుపు వెయ్యలేదు, అలాగని మళ్లీ బయటికీ రాలేదు. దొరబాబు తిరిగొచ్చేశాడు. బస్సెక్కాలని కూడా తోచక జాలరిపేట దాకా నడిచే వెళ్లాడు.

అడ్డా అంటే పాత పోస్టాఫీసు దగ్గర నాలుగు రోడ్ల కూడలి. తెల్లారేసరికల్లా గమేళాలూ గునపాలూ తాపీలూ పట్టుకుని కూలీలు చేరతారు. మేస్త్రీలు వచ్చి మనుషుల్ని ఎంచుకుని ఆటోల్లో, లారీల్లో ఎక్కించుకుపోతారు. మర్నాడు దొరబాబు వెళ్లేసరికి పోతమ్మ మందుల షాపు మెట్ల పక్కన, చంకలో గమేళాతో, ఒక్కతే నిలబడి ఉంది. తక్కిన ఆడవాళ్లు కాస్త ఎడంగా గుంపుకట్టారు. అబ్బులనే మేస్త్రీ వేలు చూపిస్తూ ఒక్కొక్కర్నే లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఆవిడ దగ్గరికొచ్చేసరికి వేలు పక్కకి తిప్పేశాడు. వెనకాలెవరో నవ్వారు.

దొరబాబు గుంపు మధ్యకి నడిచాడు. పదిమందిలో మాట్లాడిన పాపాన ఎప్పుడూ పోలేదతను.

"ఇదిగో, ఇనండి," అన్నాడు. "ఆ పలకలు ఊడిపోయింది పోతమ్మ సేతులవల్ల కాదు. నా సేతులవల్ల. నానే మైనం రాసేను."

దగ్గరున్న నలుగురు తిరిగి చూశారు. "ఏటి బావా, పొద్దున్నే పట్టించేసేవా?" అన్నాడొక గునపం కుర్రాడు. జనం గొల్లుమన్నారు.

"తాగలేదు. జగ్గారావు అడిగినప్పుడు ఒప్పుకోలేదు, బయపడ్డాను. ఆవిడ సబ్బెట్టి కడుక్కునే సల్లింది. తప్పు నాది."

నవ్వు ఆగింది. అబ్బులు మేస్త్రీ దగ్గరికొచ్చి ఎగాదిగా చూశాడు. "నీ పేరేటి? ఏ యార్డులో సేత్తన్నావు?"

దొరబాబు పేరు చెప్పాడు, యార్డు చెప్పాడు. గుంపులో యార్డుకెళ్తూ ఆగిన తాయారుంది, యార్డు కుర్రాళ్లిద్దరున్నారు. తను గేటు చేరేలోపే ఈ మాట జగ్గారావు చెవిన పడుతుంది. పడనీ. అబ్బులు మేస్త్రీ తల గోక్కుంటూ పోతమ్మ వైపు తిరిగాడు. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పోతమ్మ చంకలో గమేళా తీసి మెట్టు మీద పెట్టింది. మొహం కందగడ్డలా ఉంది. అది కోపమో, ఏడుపో, దొరబాబుకి తెలియలేదు.

"ఇంకా గట్టిగా సెప్పు," అంది. "ఆ టీకొట్టు కాడున్నోల్లకి ఇనబళ్లేదు."

దొరబాబు టీకొట్టు వైపు తిరిగి, గొంతు పెంచి, మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు.